గంపలగూడెం మిర్చి ఏ పద్దులో చేరుతోంది?

మిర్చి ధర నిలబడిన ఏడు శాసనసభలో ఎవరు ఏమి అడిగారో యార్డులో పట్టించుకొనేవారు ఉండరు. ధర కూలిన ఏడు మాత్రం మంత్రిగారు సభలో చదివిన అంకె సాయంత్రానికల్లా ప్రతి కొట్టుకూ చేరుతుంది. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చింది, అందులో ఎవరి సరుకు లెక్కకు ఎక్కింది, ఎవరిది ఎక్కలేదు అని ఆరా తీయడానికి అప్పటికి వ్యవధి ఉండదు. అడగవలసింది ముందు. అడగవలసినవారు ప్రజలు ఎన్నుకొన్న సభ్యులు. వారి చేతికి పదునైన ప్రశ్న అందించవలసింది మాత్రం సరుకు పోకడ తెలిసిన వర్తకులు, కమీషన్ వ్యాపారులు, బ్రోకర్లే.

గంపలగూడెం ప్రాంతం విషయంలో ఈ మాట మరీ వర్తిస్తుంది. తిరువూరు శాసనసభ నియోజకవర్గంలో, విజయవాడ లోక్‌సభ స్థానంలో ఉన్న ఈ మండలం 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనతో కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాకు మారింది. పొలిమేర దాటితే ఖమ్మం జిల్లా. ఒకప్పుడు అది నిజాం సరిహద్దు. 1956 నుంచి ఆ గీత చెరిగిపోయి, 2014 జూన్ 2న మళ్లీ రాష్ట్ర సరిహద్దుగా నిలిచింది. అయితే ప్రభుత్వాలు మారినంత మాత్రాన బండి దారి మారదు. ఇక్కడి రైతుకు గుంటూరు కన్న ఖమ్మం యార్డు దగ్గర. తేజ రకానికి అక్కడ పేరున్న గిరాకీ ఉంది. బాడుగ కలిసి వస్తుంది. కనుక ఈ ప్రాంతపు సరుకులో కొంత ఉత్తరానికి, కొంత దక్షిణానికి పోవడం ఏటా జరిగేదే.

చిక్కు లెక్కల దగ్గర వస్తున్నది. సాగు విస్తీర్ణం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పుస్తకంలో నమోదవుతుంది. రాబడి తెలంగాణ యార్డు పుస్తకంలో నమోదవుతుంది. కేంద్రానికి అగ్‌మార్క్‌నెట్ ద్వారా చేరే వివరాలు ఏ యార్డుకు ఎంత వచ్చింది, ఏ ధర పలికింది అన్నవే గాని, ఆ సరుకు ఏ మండలంలో పండినదో చెప్పేవి కావు. ధరలు బాగున్నంత కాలం దీనివల్ల ఎవరికీ నష్టం కనబడదు. ధర పడి, ప్రభుత్వం చేయి వేయవలసి వచ్చినప్పుడే ఈ సందు బయటపడుతుంది.

రెండు సంవత్సరాల పాఠం

కేంద్రం మద్దతు ధర ప్రకటించే 22 పంటల జాబితాలో మిర్చి లేదు. ధర పతనమైనప్పుడు రాష్ట్ర ప్రభుత్వం కోరితే మార్కెట్ జోక్య పథకం కింద కేంద్రం ముందుకు వస్తుంది. నష్టాన్ని ఇద్దరూ చెరిసగం భరించడం ఏర్పాటు. ఈ పథకంలో ప్రాణం వంటిది పరిమాణం, అంటే ఎన్ని టన్నుల వరకు వర్తిస్తుందన్నది.

2017లో ధరలు కుప్పకూలినప్పుడు ఏప్రిల్ 28న ఖమ్మం యార్డులో రైతుల ఆగ్రహం కట్టలు తెంచుకొన్నది. మే నెల మొదటి వారంలో కేంద్రం క్వింటాలుకు రూ. 5,000, పై ఖర్చులకు రూ. 1,250 చొప్పున కొనుగోలుకు అనుమతి ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌కు 88,300 టన్నులు, తెలంగాణకు 33,700 టన్నులు అని వాటాలు వేసింది. గడువు ఆ నెలాఖరు వరకే. ఈ వాటాలు కాగితం మీద స్పష్టంగానే ఉన్నాయి. గంపలగూడెంలో పండి ఖమ్మంలో దిగిన టిక్కీ ఏ వాటాకు చెందుతుందన్నది మాత్రం ఆ కాగితం చెప్పదు.

2025లో కథ మరో రూపంలో తిరిగి వచ్చింది. 2023లో క్వింటాలు రూ. 20 వేలు దాటి పలికిన మిర్చి, 2025 ఫిబ్రవరి నాటికి సుమారు సగానికి దిగజారింది. కేంద్రం ఆంధ్రప్రదేశ్ మిర్చికి క్వింటాలు రూ. 11,781 ధర నిర్ణయించి, 2 లక్షల 43 వేల టన్నుల వరకు అమ్మిన ధరకూ ఈ ధరకూ మధ్య గల వ్యత్యాసాన్ని చెల్లించే పద్ధతికి ఆమోదం తెలిపింది. అదే నెలలో పథకం నిబంధనలను సవరించి, రాష్ట్ర ఉత్పత్తిలో 20 శాతంగా ఉన్న పరిమితిని 25 శాతానికి పెంచింది.

ఈ 25 శాతం అన్న మాటను వర్తకులు ఒకటికి రెండుసార్లు చదువుకోవాలి. మొత్తం పంట అంచనా ఎంతైతే పథకం వర్తించే సరుకు అందులో నాలుగో వంతు. అంచనా లక్ష టన్నులు తక్కువగా వేస్తే 25 వేల టన్నులకు రక్షణ పోయినట్టే. ఎక్కువగా వేస్తే పంట విపరీతంగా ఉన్నదన్న పుకారు లేచి, ఎగుమతిదారులు కొనుగోళ్లు బిగబట్టి, ధర మరింత మెత్తబడుతుంది. అంచనా ఎటు తప్పినా దెబ్బ యార్డుకే. అటువంటి అంకెను ఎవరు కట్టారు, ఏ తేదీ నాటిది, రాష్ట్రం దాటిన సరుకును అందులో ఎలా సర్దారు అని అడిగే హక్కు చట్టసభ సభ్యునికి ఉంది. వర్తక సంఘం ఇచ్చే వినతిపత్రానికి మంత్రి చిరునవ్వుతో సరిపెట్టవచ్చు. సభలో వేసిన ప్రశ్నకు జవాబు చెప్పక తప్పదు.

అడిగే పద్ధతి

లోక్‌సభలో రోజుకు నక్షత్రపు గుర్తు గల ప్రశ్నలు 20 మాత్రమే జాబితాకు ఎక్కుతాయి. వీటికి మంత్రి నోటితో జవాబు చెప్పాలి, దానిపై అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. ఆ గుర్తు లేనివి 230 వరకు ఉంటాయి. వీటికి జవాబు రాతలో వస్తుంది. పూర్తిగా 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. బయటివారికి నోటి జవాబు మీద మోజు ఎక్కువగాని, అంకెలు కావలసిన వర్తకునికి రాతలో వచ్చే జవాబే మేలు. అందులో పట్టికలు ఉంటాయి, సంవత్సరాల వారీ వివరాలు ఉంటాయి, వచ్చే ఏడు పోల్చి చూసుకోవడానికి పనికివస్తాయి.

ప్రశ్న ఎలా ఉంటే జవాబు అలా ఉంటుంది. “మిర్చి రైతులను ఆదుకోవడానికి ప్రభుత్వం ఏ చర్యలు తీసుకొంటున్నది?” అని అడిగితే, తీసుకొంటున్న చర్యల జాబితా ఒకటి చదివి మంత్రి కూర్చుంటారు. “గత మూడు సంవత్సరాలలో నెలవారీగా ఫలానా యార్డుకు వచ్చిన మిర్చి ఎన్ని టన్నులు, అందులో పొరుగు రాష్ట్రపు రైతులది ఎంత?” అని అడిగితే అంకె అయినా రావాలి, ఆ అంకె తమ వద్ద లేదన్న ఒప్పుకోలు అయినా రావాలి.

లేదన్న జవాబును తేలికగా కొట్టివేయరాదు. 2020 సెప్టెంబరులో, లాక్‌డౌన్ కాలంలో స్వస్థలాలకు తిరిగి వెళ్తూ మరణించిన వలస కార్మికుల లెక్క అడిగితే అటువంటి వివరాలు నిర్వహించడం లేదని కార్మిక మంత్రిత్వ శాఖ లోక్‌సభకు తెలిపింది. 2021 శీతాకాల సమావేశాలలో, సాగు చట్టాల ఉద్యమంలో మరణించిన రైతుల సంఖ్య అడిగితే వ్యవసాయ శాఖ వద్ద రికార్డు లేదని మంత్రి నరేంద్రసింగ్ తోమర్ జవాబిచ్చారు. ఆ రెండు జవాబులూ దేశమంతటా చర్చకు వచ్చాయి. లెక్క లేదన్న సంగతి సభ రికార్డులకు ఎక్కితే, ఇకనైనా లెక్క ఎందుకు పెట్టరన్నది తరువాతి ప్రశ్న అవుతుంది. “సమాచారం సేకరిస్తున్నాము, సభ ముందు ఉంచుతాము” అని మంత్రి అన్నారంటే అది హామీ కింద జమ. దానిని వెంటబడి అడగడానికి ప్రభుత్వ హామీల కమిటీ ఉంది. నెరవేర్చడానికి మూడు నెలల గడువు ఉంది. సభ్యుడు మరచిపోతే తప్ప ఆ మాట గాలిలో కలిసిపోదు.

పట్టు విడవని సభ్యుడు ఎంత పని చేయగలడో షేరు బజారు వారికి చెప్పనక్కరలేదు. 1957లో జీవిత బీమా సంస్థ ముంద్రా కంపెనీల వాటాలలో కోటి రూపాయలకు పైగా పెట్టిన సంగతిని అధికార పక్షానికే చెందిన ఫిరోజ్ గాంధీ లోక్‌సభలో లాగారు. ఏ వాటా ఏ ధరకు కొన్నారు, ఆనాటి బజారు ధర ఎంత అని తేదీలతో, అంకెలతో నిలదీశారు. చాగ్లా విచారణ జరిగింది. 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. ఆనాడు మంత్రిని పడగొట్టినవి ఉపన్యాసాలు కావు, ధరల పట్టీలు.

తప్పుడు అంకె ఎంత దూరం పోగలదో చెప్పడానికి చక్కెర లెక్క చాలు. 2012 జనవరి నెల పారిశ్రామికోత్పత్తి 6.8 శాతం పెరిగిందని మొదట ప్రకటించారు. చక్కెర ఉత్పత్తి 58 లక్షల టన్నులకు బదులు 134 లక్షల టన్నులుగా లెక్కలోకి వచ్చిందని తరువాత తేలింది. పెరుగుదల 1.1 శాతానికి దిగింది. ఒక్క సరుకు అంకె తప్పితే దేశపు లెక్కే తలకిందులైనది. ఒక మండలపు మిర్చి తప్పితే ఢిల్లీలో ఎవరికీ తెలియదు, అంతే తేడా.

పొగాకుకు ఉన్నది, మిర్చికి లేనిది

గుంటూరులోనే కేంద్ర కార్యాలయం గల పొగాకు బోర్డు 1976 జనవరి 1 నుంచి పనిచేస్తున్నది. ఆంధ్రలో 1985 నుంచి వేలం పద్ధతి నడుస్తున్నది. ఎంత పండించాలో బోర్డు నిర్ణయిస్తుంది, రైతును నమోదు చేస్తుంది, వేలం వేదికపై ప్రతి బేలుకూ తూకం, ధర రాస్తుంది. అందుచేత వర్జీనియా పొగాకు గురించి సభ్యుడు ఏమి అడిగినా అంకెతో జవాబు వస్తుంది. పొగాకు రైతుకు కష్టాలు లేవని కాదు. కష్టం ఎంతో అందరికీ ఒకే లెక్క తెలుస్తుంది. సుగంధ ద్రవ్యాల బోర్డు కింద ఉన్న మిర్చికి ఇటువంటి నమోదు లేదు. యార్డు రాబడి ఒకరు చెబుతారు, ఏసీ సరుకు నిలవ మరొకరు చెబుతారు, విస్తీర్ణం ఇంకొకరు చెబుతారు. మూడూ కలిపి చూస్తే ఎప్పుడూ పొసగవు.

ఇందులో వర్తక వర్గాల బాధ్యత కూడ లేకపోలేదు. ప్రభుత్వం లెక్కలు దాస్తున్నదని యార్డులో వినవచ్చే ఫిర్యాదులో నిజం ఉండవచ్చు. అయితే మంత్రి చదివే అంకె పుట్టేది యార్డు చిట్టాలోనే, కోల్డ్ స్టోరేజీ రిజిస్టరులోనే. అక్కడ తక్కువ రాస్తే అసెంబ్లీలో సరైన అంకె రాదు. నిలవ చెబితే రేపు నిలవలపై పరిమితి పెడతారన్న భయం కొందరికి ఉంది. 2023 జూన్‌లో గోధుమపై అటువంటి పరిమితి వచ్చిన మాట వాస్తవం. కనుక ఆ భయాన్ని ఊరక కొట్టివేయడం సబబు కాదు. అయితే నిలవ ఎంతో తెలియని బజారులో పుకారుదే రాజ్యం. నాలుగు ఊళ్లలో మనుషులు ఉన్న పెద్ద ఎగుమతిదారుకు నిజం ఎలాగూ తెలుస్తుంది. తెలియనిది చిన్న కమీషన్ వ్యాపారికి, టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో పెట్టి ధర కోసం కాచుకొన్న రైతుకు. సంస్థల పేర్లు లేకుండ, యార్డు వారీగా మొత్తం నిలవ మాత్రమే నెలకొకసారి వెల్లడిస్తే ఎవరి గుట్టూ బయటపడదు, పుకారుకు చోటూ ఉండదు.

సరిహద్దు ప్రాంతానికి మరొక ఇబ్బంది ఉంది. తిరువూరు శాసనసభ్యుడు అమరావతిలో ఖమ్మం యార్డు లెక్క అడగలేరు. పొరుగున ఉన్న మధిర శాసనసభ్యుడు హైదరాబాదులో గుంటూరు లెక్క అడగలేరు. మధిరకు ప్రాతినిధ్యం వహిస్తున్న మల్లు భట్టి విక్రమార్క 2023 డిసెంబరులో తెలంగాణ ఉప ముఖ్యమంత్రి అయినారు. అంటే ఆయన ప్రశ్నలు అడిగే వరుస నుంచి జవాబు చెప్పే వరుసకు మారారు. రెండు యార్డుల లెక్కనూ ఒకే చోట, ఒకే మంత్రి నుంచి రాబట్టగల సభ పార్లమెంటు ఒక్కటే. విజయవాడ, ఖమ్మం లోక్‌సభ సభ్యులు ఏ పార్టీల వారైనా, కలిసి ఒకే ప్రశ్న మీద సంతకం పెడితే అది సాధ్యమే.

అడగవలసినవి మూడు. ఖమ్మం, గుంటూరు యార్డులకు వచ్చే మిర్చిలో పొరుగు రాష్ట్రపు రైతుల సరుకును విడిగా నమోదు చేస్తున్నారా, లేకుంటే ఎప్పటి నుంచి చేస్తారు? 2025లో 2 లక్షల 43 వేల టన్నుల పరిమాణాన్ని ఏ తేదీ నాటి పంట అంచనాపై నిర్ణయించారు, ఆంధ్రలో పండించి తెలంగాణ యార్డులో అమ్మిన రైతుకు వ్యత్యాసపు చెల్లింపు వర్తిస్తుందా? ప్రతి నెల ఒకటో తేదీన కోల్డ్ స్టోరేజీలలో ఉన్న మొత్తం నిలవను ప్రకటించడానికి అభ్యంతరం ఏమిటి?

మిర్చి రాబడులు జోరందుకొనేదీ, పార్లమెంటు బడ్జెట్ సమావేశాలు జరిగేదీ ఒకే కాలంలో. 15 రోజుల నోటీసు పోగా చూస్తే, కొత్త పంట కాటాకు రాకముందే ప్రశ్నలు సభ్యుల చేతికి చేరి ఉండాలి. ధర పడ్డ తరువాత యార్డు గేటు ముందు ధర్నాకు పదిమందిని పోగుచేసే శ్రమలో సగం ఇప్పుడు పెడితే చాలు. తిరువూరు, గంపలగూడెం వర్తకులు తమ చిట్టాలు తిరగేసి, గడచిన మూడేళ్లలో ఎన్ని టిక్కీలు ఖమ్మం దారి పట్టాయో, ఎన్ని గుంటూరు దారి పట్టాయో ఒక కాగితం మీద వేసి ఇచ్చినా సభ్యునికి అది గట్టి ఆధారం అవుతుంది. మంత్రిగారి అంకె దానితో సరిపోలితే సంతోషం. సరిపోలకపోతే అనుబంధ ప్రశ్న ఏదో వేరుగా వెతుక్కోనక్కరలేదు.