సొంత కారణాలతో మానేశాడట!

"ఇదిగో, ఇక్కడో సంతకం పెట్టవయ్యా. పీఎఫ్ డబ్బులు తొందరగా వస్తాయి."

షెడ్డు గుమస్తా ఇలా అని కాగితం ముందుకు జరిపితే ఎవరైనా ఏం చేస్తారు? పెట్టేస్తారు. అందులోనూ ఏళ్ల తరబడి రోజూ పలకరించే మనిషి. ఆ కాగితం మీద ఉండేది రెండు ముక్కలే. సొంత కారణాల వల్ల పని మానేస్తున్నాను, నాకు రావలసిన బాకీలేమీ లేవు... అంతే. చదవడానికి అర నిమిషం పట్టదు. కానీ పని పోయిన రోజున ఆ అర నిమిషం ఎవరికి ఉంటుంది?

విజయవాడ పటమటలో కాపురం, పక్కనే ఆటోనగర్‌లో లేతు మీద పని. అలాంటి మనిషినొకణ్ని ఊహించుకోండి. లారీ బాడీలు కట్టే షెడ్డు. ఆర్డర్లు తగ్గాయి. ఓనరు ఓ సాయంత్రం ఆరుగురిని పిలిచి, "వేరే చోట చూసుకోండయ్యా, మళ్లీ పనుంటే కబురు పెడతా" అన్నాడు. గుమస్తా ఆరు కాగితాలు తీశాడు. ఆరు సంతకాలు పడ్డాయి. ఎవరూ సొంత కారణాలతో మానలేదు. ఆరుగురికీ ఒకేరోజు ఒకే రకం సొంత కారణం పుట్టుకురావడం లోకంలో ఎక్కడైనా జరుగుతుందా?

ఇంటికొచ్చి వారం తిరక్కముందే బావమరిది అడిగాడు. "బావా, నీ జీతంలో ఈఎస్ఐ కోసేవారు కదా. పని పోతే మూడు నెలలు డబ్బు ఇస్తారంట, తెలుసా?"

తెలియదు. ఈఎస్ఐ అంటే గుణదల ఆసుపత్రి, మందుల చీటీ, పొడవాటి క్యూ... అంతవరకే చాలామందికి తెలుసు. 1948లో చట్టం వచ్చి, 1952 ఫిబ్రవరిలో కాన్పూరులో మొదలైన ఈ బీమాలో పని పోయినవాడికి భృతి అన్నమాట చాలా ఆలస్యంగా చేరింది. 2005 ఏప్రిల్ 1న రాజీవ్‌గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన పేరుతో మొదటిసారి వచ్చింది. ఫ్యాక్టరీ మూతపడ్డా, చట్ట ప్రకారం రిట్రెంచ్‌మెంట్ చేసినా, పనితో సంబంధం లేని ప్రమాదం వల్ల శాశ్వతంగా అంగవైకల్యం కలిగినా సగం జీతం ఇచ్చే ఏర్పాటు అది. మూతపడ్డ ఫ్యాక్టరీకి కాగితం ఉంటుంది. కానీ "వేరే చోట చూసుకోండయ్యా" అన్నమాటకి కాగితం ఎక్కడిది?

ఆ ఖాళీని పూడ్చడానికన్నట్టు 2018 జులై 1 నుంచి అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన వచ్చింది. పని పోయినవాడికి సగటు రోజు సంపాదనలో పావు వంతు, గరిష్ఠంగా 90 రోజులు, జీవితంలో ఒక్కసారి. కరోనా కాలంలో 2020 ఆగస్టులో ఈఎస్ఐ కార్పొరేషన్ దాన్ని సగానికి పెంచింది. మార్చి 24 నుంచే వర్తింపజేసింది. అప్పట్లో ఏడాది చివరి వరకే అన్నారు గానీ, తరవాత గడువు పలుమార్లు పొడిగించారు.

సగం అంటే ఎంత? ఇక్కడే ఒక లెక్క ఉంది, తెలుసుకోవాలి. నెలకు 15,000 చొప్పున రెండేళ్లూ పూర్తిగా పనిచేసినవాడి సంపాదన 3,60,000. దాన్ని 730 రోజులతో భాగిస్తారు. రోజుకు 493 వస్తుంది. అందులో సగం 246. తొంభై రోజులకి దాదాపు 22,190 రూపాయలు. మరి ఆ రెండేళ్లలో ఆరు నెలలు పని లేకుండా ఉంటే? పైనున్న అంకె తగ్గుతుంది, కిందనున్న 730 మాత్రం తగ్గదు. పాపం, కష్టకాలంలో ఎక్కువ నష్టపోయినవాడికే భృతి తక్కువ వస్తుంది.

ఏదేమైనా 22 వేలంటే పటమటలో కొన్ని నెలల ఇంటద్దె. పిల్లవాడి ఫీజు. కిరాణా కొట్టు ఖాతా మూసేసే డబ్బు. మనవాడు నెట్ సెంటరుకి వెళ్లి దరఖాస్తు పెట్టించాడు. ఆధార్, బ్యాంకు పుస్తకం నకలు ఇచ్చాడు. వారాలు గడిచాక తెలిసింది, తిరస్కరించారని. కారణం ఒక్క ముక్క. స్వచ్ఛందంగా మానేశాడు.

గుమస్తా తీసుకున్న కాగితం బీరువాలోనే ఉంది. దాన్ని ఈఎస్ఐ ఆఫీసులో ఎవరూ చూడనే లేదు. వాళ్లు చూసింది కంప్యూటరు. ప్రతి నెలా యజమాని చందా వివరాలు పంపేటప్పుడు, ఎవరైనా పనిలో లేకపోతే ఎందుకు లేరో ఒక అంకె నొక్కాలి. ఆ జాబితాలో 2 అంటే పని మానేశాడు. 10 అంటే రిట్రెంచ్‌మెంట్. 11 అంటే పని లేదు. చాలాచోట్ల గుమస్తా చేతికి అలవాటైన అంకె 2. అందులో దుర్బుద్ధి ఉండాలనేమీ లేదు. రిట్రెంచ్‌మెంట్ అని నొక్కితే నోటీసు ఇచ్చారా, పరిహారం ఇచ్చారా అని రేపు ఎవరైనా అడుగుతారేమోనని భయం. 2 నొక్కితే ఏ గొడవా లేదు. గొడవంతా అవతలివాడికే.

క్రమశిక్షణ చర్యతో తీసేసినా, పదవీ విరమణ అయినా, తనంతట తాను మానేసినా ఈ భృతి రాదు. నిబంధన అది. అందులో తప్పు పట్టేదేం లేదు కూడా. కానీ తనంతట తాను మానేశాడో లేదో చెప్పే అధికారం మొత్తం పనిలోంచి పొమ్మన్న వైపే ఉంది. పెళ్లికూతురు మంచిదో కాదో సవతిని అడిగినట్టు.

ఇంకా చిత్రం ఏమిటంటే, 2018లో మొదట పెట్టిన పద్ధతిలో దరఖాస్తు కూడా ఆ యజమాని ద్వారానే పంపాలి! అదీ పని పోయిన మూడు నెలల తరవాత. పైగా 20 రూపాయల స్టాంపు కాగితం మీద అఫిడవిట్. పటమటలో రిజిస్ట్రారు ఆఫీసు ఉంది కాబట్టి స్టాంపు కాగితం దొరకడం కష్టం కాదు గానీ, రాయించడానికి, నోటరీకి అయ్యే ఖర్చు ఎవరిస్తారు? 2020లో యజమాని దారి తీసేశారు, కార్మికుడు నేరుగా పెట్టుకోవచ్చన్నారు. మూడు నెలలు ఆగక్కర్లేదు, 30 రోజులు చాలన్నారు. అదే ఏడాది నవంబరులో అఫిడవిట్ కూడా అక్కర్లేదన్నారు. ఇవన్నీ మంచి మార్పులే. కానీ ఆ అంకె మాత్రం అక్కడే ఉంది.

అంకె సరిగా ఉన్నా దరఖాస్తు ఆగే చోట్లు ఇంకొన్ని ఉన్నాయి. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి... ఇలా ఆరేసి నెలలు ఒక్కో చందా కాలం. మొదట్లో నాలుగు కాలాల్లోనూ 78 రోజుల చొప్పున చందా ఉండాలన్నారు. 2020 సవరణలో పని పోవడానికి ముందున్న కాలంలో 78, మిగతా మూడింట్లో ఏదో ఒకదాంట్లో 78 చాలన్నారు. ఆటోనగర్‌లో ఒక షెడ్డు నుంచి ఇంకో షెడ్డుకి మారడం మామూలే. మారినప్పుడల్లా కొత్త గుమస్తా పాత పది అంకెల బీమా నంబరు అడక్కుండా కొత్తది తెరిచేస్తే? ఒకే మనిషి కంప్యూటర్లో ఇద్దరవుతాడు. ఇద్దరిలో ఏ ఒక్కరికీ రోజులు చాలవు. ఇక పేర్ల సంగతి సరే సరి. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, బ్యాంకులో పొడి అక్షరం, ఈఎస్ఐలో అసలు ఇంటిపేరే లేదు. ముగ్గురూ ఒకరేనని నిరూపించుకోవాలి.

తిరగడం మొదలవుతుంది. ఒకరోజు సారు సెలవు. ఒకరోజు సర్వరు డౌను. ఒకరోజు "మీ యజమాని దగ్గర్నుంచి ఉత్తరం తెండి". ఈలోగా రోజుకూలీకి ఎక్కడైనా పని దొరికితే ఆఫీసుకి వెళ్లాలా, పనికి వెళ్లాలా? పోయిన రోజు కూలి, వస్తుందో రాదో తెలియని భృతి... ఈ తూకంలో ఎటు మొగ్గుతుందో చెప్పనక్కర్లేదు. అలా అడగడం మానేసినవాళ్ల లెక్క ఏ రిజిస్టర్లోనూ ఉండదు. "ఇంతకీ ఆ డబ్బు సంగతేమైందండీ?" అని భార్య అడుగుతుంది. మొదట వారానికోసారి, తరవాత నెలకోసారి. ఆ తరవాత అడగదు.

మరి తిరస్కరిస్తే దారే లేదా? ఉంది. కాకపోతే ఆ దారి ఇదీ అని కౌంటరు దగ్గర ఎవరూ చెప్పరు. మొట్టమొదట కావలసింది, ఎందుకు కాదన్నారో రాతపూర్వకంగా. నోటిమాట మీద ఎక్కడా అప్పీలు చేయలేరు. ఇవ్వమంటే సమాచార హక్కు చట్టం ఉంది. 2005 నాటి ఆ చట్టం కింద పది రూపాయల పోస్టల్ ఆర్డరు జతచేసి, నా పేరు మీద ఏయే కాలంలో ఎన్ని రోజుల చందా జమైంది, నేను మానేసినట్టు ఏ కారణం నమోదైంది, ఏ తేదీన నమోదైంది అని అడగొచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ జవాబు చేతికొస్తే సగం పని అయినట్టే, ఎందుకంటే అప్పటిదాకా ఎవరితో పోట్లాడుతున్నాడో కూడా మనవాడికి తెలియదు.

ఆ తరవాత సాక్ష్యం. ఒకేరోజు ఆరుగురు పోయారన్నదే పెద్ద సాక్ష్యం. మిగతా ఐదుగురి సంతకాలతో ఒక కాగితం, హాజరు వివరాలు, జీతం చీటీలు, ఓనరు పంపిన సందేశం ఫోన్లో ఉంటే అది. వీటితో శాఖా కార్యాలయంలో, అక్కడ కదలకపోతే పైన ప్రాంతీయ కార్యాలయంలో అర్జీ ఇవ్వొచ్చు. కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ కూడా ఉంది. అప్పటికీ తేలకపోతే, ఈఎస్ఐ ప్రయోజనాల తగాదాల కోసమే 1948 చట్టం 74వ సెక్షన్‌లో ఎంప్లాయీస్ ఇన్సూరెన్స్ కోర్టుని పెట్టింది. మూడేళ్లలోపు అక్కడికి వెళ్లొచ్చంది 77వ సెక్షన్. 79వ సెక్షన్ ఇంకా ముఖ్యం. వకీలే ఉండాలని లేదు, రిజిస్టరైన కార్మిక సంఘం బాధ్యుడు కూడా కార్మికుడి తరఫున నిలబడవచ్చు. 22 వేల కోసం వకీలుకి ఎంతిస్తాడని ఆ రోజుల్లో ఎవరో ఆలోచించారు! 2025 నవంబరులో కొత్త సామాజిక భద్రతా కోడ్ అమల్లోకొచ్చినా, ఇన్సూరెన్స్ కోర్టు అన్నది అందులోనూ ఉంది.

పని పోయినవాడికి ప్రభుత్వ బీమాతో భృతి అనే ఏర్పాటుని దేశం మొత్తానికీ చట్టంగా తెచ్చింది బ్రిటన్. 1911లో. వారానికి ఏడు షిల్లింగులు, ఏడాదికి 15 వారాలు మించకుండా. ఆ చట్టంలోనూ సరైన కారణం లేకుండా తనంతట తాను మానేసినవాడికి శిక్ష ఉంది. కానీ ఆరు వారాలే. తరవాత భృతి వస్తుంది. పైగా అధికారి కాదంటే వినడానికి ముగ్గురు మనుషుల మండలి. యజమానుల వైపు ఒకరు, కార్మికుల వైపు ఒకరు, మధ్యలో అధ్యక్షుడు. ఆ పైన అంపైరు. అంటే భృతి, అప్పీలు రెండూ ఒకే చట్టంలో కవలల్లా పుట్టాయి. మన దగ్గర భృతి ముందొచ్చింది, అప్పీలు ఎక్కడుందో వెతుక్కోవాలి.

ఇక్కడో మాట. మన ఇళ్లలో నిరుద్యోగ భృతి అనగానే గుర్తొచ్చేది 2018 అక్టోబరు 2న రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ముఖ్యమంత్రి యువనేస్తం. డిగ్రీ, డిప్లొమా చదివి ఖాళీగా ఉన్న యువతకి నెలకి వెయ్యి రూపాయలతో మొదలైంది. 2019లో ప్రభుత్వం మారాక ఆగిపోయింది. అది ఖజానా ఇచ్చేది. ఈఎస్ఐ భృతి అలా కాదు. 2019 జులై నుంచి లెక్క చూస్తే జీతంలో ముప్పావు శాతం కార్మికుడిది, మూడుంపావు శాతం యజమానిది. నెలనెలా కట్టిన చందా. అడగడానికి మొహమాటం దేనికి?

పది మంది కూడా లేని చిన్న షెడ్లవాళ్లకి ఈ గొడవే లేదు. ఈఎస్ఐ సాధారణంగా కనీసం పది మంది ఉంటేనే వర్తిస్తుంది. ఒక లేతు, ఒక వెల్డింగ్ సెట్టు, నలుగురు కుర్రాళ్లతో నడిచే షెడ్లో పని పోతే తిరస్కరించడానికి దరఖాస్తే ఉండదు.

మనవాడికి నాలుగో నెలలో వేరే షెడ్లో పని దొరికింది. జీతం కాస్త తక్కువ. పని లేని మూడు నెలల తాలూకు అర్జీ ఇంకా నడుస్తూనే ఉంది. సమాచార హక్కు జవాబు వచ్చింది. అందులో కారణం గడిలో అంకె 2 అని స్పష్టంగా ఉంది. దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో దాచాడు.

కొత్త షెడ్లో చేరిన రోజు గుమస్తా కంప్యూటరు తెరిచి, "ఆధార్ ఇవ్వవయ్యా, నీకు ఈఎస్ఐ నంబరు తీస్తా" అన్నాడు.

"కొత్తది వద్దండీ, నా పాతదే వెయ్యండి" అని జేబులోంచి మడతపెట్టిన చీటీ తీశాడు. నంబరు ఒక్కొక్క అంకే చదివి చెప్పాడు. తరవాత గుమస్తా ముందుకు జరిపిన కాగితాలు రెండు చేతులా తీసుకుని, కిటికీ దగ్గర వెలుతురులోకి వెళ్లి నిలబడ్డాడు.