సకురా పూసేది వారం రోజులే.. కాపాడాల్సింది ఏడాదంతా! జపాన్ పార్కుల్లో ఏం జరుగుతోంది?

జపాన్‌లో చెర్రీ పూలు విచ్చుకున్నాయంటే చాలు.. పార్కులన్నీ కిక్కిరిసిపోతాయి. చెట్ల కింద పట్టాలు పరుచుకుని, తింటూ కబుర్లు చెప్పుకుంటూ పూలు చూడటాన్ని అక్కడ ‘హనామి’ అంటారు. మరి పూలు రాలిపోయాక ఆ చెట్లను పట్టించుకునేదెవరు? చాలా ఊళ్లలో ఆ బాధ్యత ఎత్తుకున్నది స్థానిక వలంటీర్లే. సకురాను కాపాడేవాళ్లను ‘సకురామోరి’ అని పిలుస్తారు.

అసలు సమస్య ఏంటి?

జపాన్ నగరాల్లో ఎక్కువగా కనిపించేది ‘సోమెయ్ యోషినో’ రకం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వీటిని పెద్ద ఎత్తున నాటారు. ఇవన్నీ అంటుకట్టి పెంచిన క్లోన్లు. అందుకే ఒక పార్కులో చెట్లన్నీ దాదాపు ఒకేసారి పూస్తాయి. అందం అదే, బలహీనతా అదే! ఒక చెట్టు తట్టుకోలేని తెగులును పక్క చెట్టూ తట్టుకోలేదు. ఒకే కాలంలో నాటారు కాబట్టి ముసలితనం కూడా ఒకేసారి మీద పడింది. ఈ రకం ఆయుష్షు 60 ఏళ్లేనని అక్కడ ఓ లెక్క. లోపల పుచ్చిన చెట్టు కూలితే కింద నడిచేవాళ్ల ప్రాణాలకే ముప్పు.

దీనికి తోడు మెడ దగ్గర ఎర్రగా ఉండే ఓ విదేశీ పెంకు పురుగు. 2012లో ఐచి ప్రాంతంలో బయటపడింది. దీని పిల్ల పురుగు రెండు మూడేళ్లు కాండం లోపలే తింటూ పెరుగుతుంది. 2018లో ప్రభుత్వం దీన్ని హానికరమైన విదేశీ జాతుల జాబితాలో చేర్చింది.

వలంటీర్లు ఏం చేస్తారు?

హనామికి వచ్చిన జనం తొక్కి తొక్కి నేల గట్టిపడుతుంది. వేళ్లకు గాలి, నీరు అందవు. వలంటీర్లు ఆ మట్టిని గుల్ల చేస్తారు, ఎరువు వేస్తారు. చెట్టు మొదట్లో సేమ్యాలాంటి పొట్టు కనిపిస్తే పురుగు పట్టినట్టే. వెంటనే అధికారులకు చెబుతారు. అలాంటి చెట్టుకు వల చుడితే పురుగులు పక్క చెట్లకు ఎగరలేవు.

హిరోసాకి చూపించిన దారి

చెర్రీ కొమ్మ కోసేవాడు తెలివితక్కువవాడని జపాన్‌లో ఓ పాత సామెత. కోసిన చోట పుచ్చు పడుతుందనే భయం. కానీ ఆపిల్ తోటలకు పేరున్న హిరోసాకిలో, ఆపిల్ చెట్లకు చేసినట్టే చెర్రీకీ కొమ్మలు కత్తిరించారు. ఫలితం? సుమారు 2,600 చెర్రీ చెట్లున్న అక్కడి పార్కులో, 1882లో నాటిన సోమెయ్ యోషినో ఇప్పటికీ పూస్తోంది. 60 ఏళ్ల లెక్క తప్పని తేలిపోయింది.

అయితే ఒక్క విషయం మర్చిపోకూడదు. హిరోసాకిలో ఈ పని చేసేది నగరపాలక సంస్థ నిపుణుల బృందం. ఏ చెట్టును ఉంచాలి, దేన్ని కొట్టేయాలన్న నిర్ణయం వలంటీర్లు తీసుకోలేరు. పైగా జపాన్ జనాభాలో దాదాపు 29 శాతం మంది 65 ఏళ్లు దాటినవాళ్లే. చెట్లతో పాటు వాటిని చూసుకునే చేతులకూ వయసు మీద పడుతోంది. వలంటీర్లు చెట్టుకు కాపలా కాయగలరు. కానీ నిధులు, నిపుణులు, కొత్త మొక్కలు.. ఈ మూడూ ఇవ్వాల్సింది మాత్రం నగరాలే!