అడవిని మింగింది పోడేనా?



"పోడు వెనకబడ్డ సాగు, అడవిని నాశనం చేస్తది." బడిలో ఇదే చదివినం, ఆఫీసుల్లో ఇదే విన్నం. ఒక్కసారి ప్రపంచ పటం తెరవండి. మెక్సికోలో మక్క, చిక్కుడు, గుమ్మడి కలిపి వేసే మిల్పా, నాగాలాండ్‌లో ఝూమ్, బోర్నియోలో లదాంగ్... అన్నీ మన పోడుకు చుట్టాలే. ఫిన్లాండ్ రైతులు సుత 20వ శతాబ్దం మొదటి దాకా అడవి కాల్చి పంట తీసినోళ్లే. వాళ్లను వెనకబడ్డోళ్లు అంటరా?

మన జొన్న పుట్టింది ఆఫ్రికాలో, కొర్ర చైనాలో. ఆ విత్తనాలను వేల ఏండ్లు ఏరి దాచింది మనలాంటి జనమే.

నిజమే, నేలకు విశ్రాంతి ఇస్తేనే పోడు నిలబడ్తది. ఆ తావు లేకుండా చేసిందెవరు? రిజర్వు ఫారెస్టు హద్దులు, గనులు.

జైపూర్ దిక్కు చూడండి. పెగడపల్లి దగ్గర 1200 మెగావాట్ల సింగరేణి కరెంటు ప్లాంటు. దాని పొయ్యికి బొగ్గు కావాలె. ఓపెన్‌కాస్టు తవ్వితే చెట్టు, పైమట్టి, ఊట అన్నీ పోతయ్. వదిలేసిన పోడు చేన్ల మళ్లీ చెట్టు మొలుస్తది. అయినా అది 'అభివృద్ధి', ఇది 'ఆక్రమణ'!

2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం, 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి ఆదివాసీ కుటుంబం సాగు చేస్తున్న భూమికి 4 హెక్టార్ల దాకా హక్కుంది. దరఖాస్తు తీసుకునేది గ్రామసభ. విచారణ పూర్తయ్యేదాకా ఖాళీ చేయించొద్దని సెక్షన్ 4(5) చెప్తది.

అందుకే పెద్దోళ్లతో చేన్లు తిరగండి, హద్దులు రాయండి. గ్రామసభలో కూసోండి, రసీదు అడగండి.

మావ నాటే మావ రాజ్!