బురద చిమ్మేది వాన కాదు

వానాకాలంలో రోడ్డు పక్కన నడుస్తుంటే ఏదో ఒక కారు దూసుకుపోవడం, గుంటలో నీళ్ళు లేచి నడుము దాకా తడిపేయడం మనలో చాలామందికి అనుభవమే. తిట్టుకుంటే పక్కవాళ్ళు వెంటనే అనేస్తారు, "వానాకాలం కదండీ, మామూలే" అని. నాకు ఒళ్ళు మండేది ఆ "మామూలే"కి.

వాన ఎవరి మీదా బురద చిమ్మదు. గుంటలో నీళ్ళు వాటి మానాన అవి ఉంటాయి. టైరుకి గాళ్ళు పెట్టేదే కింద పడ్డ నీటిని బయటికి నెట్టడానికి. అవి ఎంత ఎత్తు ఎగరాలో తేల్చేది చాలావరకు వేగమే. వేగం సగం చేస్తే బండి గతిశక్తి నాలుగో వంతుకి పడిపోతుంది. మన పిల్లల తొమ్మిదో తరగతి పాఠమే ఇది. అంటే ఆ నీళ్ళు మన చీరల మీదికి రావాలా, రోడ్డు మీదే ఉండిపోవాలా అన్నది డ్రైవరు కాలి కింద ఉంది.

"రోడ్లు అలా ఉన్నాయి, మేమేం చేస్తాం?" అంటారు. రోడ్లు బాగాలేవు, నిజమే. కానీ స్పీడ్ బ్రేకర్ దగ్గర అదే మనిషి ఎంత నెమ్మదిగా పోతాడో చూడండి. కారు కింద గీసుకుపోతుందని భయం. కారు మీదున్న జాలి మనిషి మీద లేదు, అంతే!

జపాన్‌లో 1960 నాటి రోడ్డు చట్టం 71వ సెక్షన్‌లోనే ఉంది: నీటిగుంట మీదుగా వెళ్ళేటప్పుడు నెమ్మదిగా పోవడమో, మడ్‌గార్డులు పెట్టుకోవడమో చేసి ఎవరి మీదా బురద పడకుండా చూసుకోవాలని. బ్రిటన్‌లోనూ నడిచేవాళ్ళని ఇలా తడిపితే జరిమానా పడుతుంది. అక్కడా వానలు మామూలే మరి.

ఇంతకీ తడిసేదెవరు? బస్సు కోసం నిలబడ్డవాళ్ళు, నాలుగిళ్ళ పనికి నడిచి వెళ్ళే అమ్మాయి, తెల్ల యూనిఫాంలో బడికెళ్ళే పిల్ల, పూలబుట్టతో కూర్చున్న ముసలమ్మ. ఆ తడి బట్టలతోనే వాళ్ళ రోజంతా గడవాలి. పైగా అది ఉత్త వాననీరు కాదు, మురుగు కలిసిన నీరు. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళు కాలి పుండుకి తగిలితే లెప్టోస్పైరోసిస్ రావచ్చు.

నేను అడిగేది పోలీసుల్ని కాదు, కారులో ముందు సీట్లో కూర్చునే మనల్ని. నీళ్ళు రెక్కల్లా లేస్తే వెనక సీట్లో పిల్లలు "మళ్ళీ, మళ్ళీ" అంటారు. అప్పుడు నాన్న వేగం పెంచి, అమ్మ నవ్వి ఊరుకుంటే, నడిచేవాళ్ళు మనలాంటివాళ్ళు కాదనే పాఠం వాళ్ళకి అక్కడే పడిపోతుంది. తర్వాత ఎన్ని నీతికథలు చెప్పినా లాభం లేదు. అందుకే మా ఇంట్లో నేనొక నియమం పెట్టాను: నీళ్ళు కనబడితే, పక్కన మనిషి ఉంటే, బ్రేకు. మావారు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి. మీరూ చెప్పి చూడండి.