గేయసేకరణము – ధ్వనిముద్రణముల రక్షణము

జానపద గేయములను సేకరించు పరిశోధకుని చేతిలో నేడు నోటుపుస్తకముతోపాటు చిన్న డిజిటల్ రికార్డరు కూడ ఉన్నది. పాటను ధ్వనిముద్రణము చేయుట ఇంత సులభమైన కాలము మునుపెన్నడును లేదు. కాని చేసిన ముద్రణమును నిలుపుకొనుటయు అంతే సులభమని భావించుట పొరపాటు. పాట యంత్రములోనికి ఎక్కినంతమాత్రమున సేకరణము ముగిసినదని పలువురు తలచుచున్నారు. నిజమునకు పరిశోధకుని బాధ్యత అక్కడ ఆరంభమగుచున్నది.

బిరుదురాజు రామరాజు ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ను 1958లో ప్రకటించిన నాటికి సేకర్తలకు చెవియు కలమునే ప్రధాన సాధనములు. తరువాత టేపు రికార్డరు వచ్చినది. అలిసెట్టి గాలెయ్య పాడిన పల్నాటి వీరకథను ధ్వనిముద్రణము చేసి, దాని ఆధారముగా జీన్ రోఘేర్ 1982లో ఆంగ్లగ్రంథమును వెలువరించెను. టేపు నిండిన పిదప బీరువా చేరెడిది. నేటి కార్డు నిండిన పిదప చెరిపివేయబడుచున్నది. సౌకర్యము పెరిగిన చోటనే ప్రమాదమును పెరిగినది.

ఆ ప్రమాదము ఎట్లు వాటిల్లునో గమనింపదగును. పెక్కు రికార్డర్లు ఫైళ్లకు వరుస సంఖ్యలనే పేర్లుగా పెట్టును. కార్డు మార్చినప్పుడు ఆ సంఖ్య మరల మొదటినుండి రావచ్చును. అప్పుడు వేర్వేరు గ్రామముల పాటలు రెండును ఒకే పేరు దాల్చును. వానిని కంప్యూటరులో ఒకే చోటికి చేర్చునపుడు ఏమరుపాటున పాతదాని స్థానమున క్రొత్తది కూర్చుండును. బ్యాటరీ పూర్తిగా ఉడిగినచో కొన్ని యంత్రములలో గడియారము తప్పి, ఫైలుపై తప్పు తేదీ పడును. ఇక స్థలము కలిసివచ్చునని ఎంపీ3 రూపమున ముద్రించువారు కలరు. ఆ రూపమున విడిచిపెట్టబడిన ధ్వనిభాగము మరల రాదు. 48 కిలోహెర్ట్‌జ్, 24 బిట్ల ప్రమాణమున రెండు చానెళ్ల వేవ్ ఫైలు గంటకు సుమారు 1 గిగాబైటు మాత్రమే. 32 గిగాబైట్ల కార్డులో దాదాపు 30 గంటల పాట ఇముడును. ఇట్టి స్థితిలో ఈ పొదుపు నిష్ప్రయోజనము.

కావున పాట ముద్రించిన నాటి సాయంకాలమే ఫైళ్లను కంప్యూటరునకు ఎక్కించి, విని చూడవలెను. గ్రామము, తేదీ, గాయకుని సంకేతము, పాట వరుస తెలియునట్లు పేరు మార్చి, ఆ వివరములనే నోటుపుస్తకమునను వ్రాయవలెను. మూలమును కత్తిరింపక, శుభ్రపరుపక అట్లే ఉంచి, పని అంతయు నకలుపై సాగింపవలెను. ప్రతులు మూడుండవలెను, అవి కనీసము రెండు విధముల సాధనములపై ఉండవలెను, అందొకటి వేరొక ఊరిలో ఉండుట మేలు. ఇంతవరకు జరుగక కార్డును చెరుపరాదు.

పాఠమును సిద్ధాంతగ్రంథమున ముద్రించిన పిదప ధ్వనితో పనియేమి అని కొందరు ప్రశ్నింతురు. కాగితముపై పాదములు నిలుచును గాని విరుపు, సాగదీత, వంత, గాయని తడబడి దిద్దుకొన్న మాట నిలువవు. పాఠమును శంకించువానికి సరిచూచుకొనుటకు ధ్వని తప్ప వేరు సాక్ష్యము లేదు. రాష్ట్రేతర ప్రాంతములలో ఈ అవసరము ఇంకను అధికము. షోలాపురపు నేతకార్మికుల ఇండ్లలోను, ఖరగ్‌పురపు రైల్వే బస్తీలలోను వినవచ్చు తెలుగు పాటకు స్థానిక భాషల సంపర్కము తగిలియుండును. ఆ ఉచ్చారణభేదములను లిపి పూర్తిగా పట్టజాలదు. పైగా రోళ్లు మూలబడిన పిదప దంపుళ్ల పాటలు పనిలో పాడబడుట లేదు. అడిగినపుడు వృద్ధస్త్రీలు జ్ఞాపకము నుండి పాడుచున్నారు. మరు సెలవులకు పరిశోధకుడు తిరిగి వెళ్లునాటికి ఆ కంఠము ఉండకపోవచ్చును.

విశ్వవిద్యాలయములు సిద్ధాంతగ్రంథముతోపాటు మూల ధ్వనిముద్రణములను, వాని పట్టికను సమర్పింపవలెనని నియమము చేయుట యుక్తము. 1982లో నెలకొని, నేడు గురుగ్రామమున ఉన్న అమెరికన్ భారతీయ అధ్యయన సంస్థవారి సంగీత భాండాగారము పరిశోధకుల ముద్రణములను స్వీకరించి రక్షించుచున్నది. తెలుగు శాఖలు ఆ మార్గమును అనుసరింపవచ్చును. గాయకుల సమ్మతిని ముందే పొంది, వారి పాట ప్రతిని వారికిని అందజేయుట ధర్మము. పాట పరిశోధకుని సొత్తు కాదు. పాడినవారు అతనియొద్ద నమ్మి ఉంచిన నిక్షేపము.