చిప్స్ తినే దొరలూ, అన్నం తినే మనమూ

ఇంగ్లండులో చిప్స్ అంటే మన ప్యాకెట్ చిప్స్ కాదు, వాటిని ఇక్కడ క్రిస్ప్స్ అంటారు. చిప్స్ అంటే వేలెడు లావున కోసి నూనెలో వేయించిన బంగాళాదుంప ముక్కలు. పైన ఉప్పు, వెనిగర్. చేపతో చిప్స్, గుడ్డుతో చిప్స్, చివరికి లజానియాతో కూడా చిప్సే! ఇవి చాలవన్నట్టు వెన్న రాసిన బ్రెడ్డు ముక్కల మధ్య చిప్స్ పెట్టి 'చిప్ బటీ' అంటారు. అన్నంలో అన్నం కలుపుకుని తిన్నట్టు :-)

ఆన్‌సైట్ వచ్చిన మనవాళ్ళు నలుగురు కలిస్తే దీనిమీద జోకులే జోకులు. "రెండొందల ఏళ్ళు మనల్ని ఏలి వీళ్ళు నేర్చుకున్న వంట ఇదా?" అని. నవ్వుకోడానికి బానే ఉంటుంది గానీ, నా మటుకు నాకు ఆ నవ్వు మనకి తగదనిపిస్తుంది. ఎందుకో చెప్తాను.

ఫిష్ అండ్ చిప్స్ పుట్టుకతో దొరల తిండి కాదు, కూలివాళ్ళ తిండి. 1860ల్లో లండన్ ఈస్ట్ ఎండ్‌లోనూ, లాంకషైర్ మిల్లుల ఊళ్ళలోనూ మొదటి కొట్లు వెలిశాయంటారు. పొద్దంతా మిల్లులో నిలబడి ఇంటికొచ్చిన మనిషికి పొయ్యి వెలిగించే ఓపికెక్కడిది? వీధి చివర చవగ్గా, వేడిగా, కడుపునిండా దొరికేది ఇదే. దేశంలో విప్లవం రాకుండా ఆపిన చవక సుఖాల్లో దీన్ని కూడా లెక్కేశాడు జార్జ్ ఆర్వెల్, 1937లో వచ్చిన 'ది రోడ్ టు విగన్ పియర్'లో. రెండో ప్రపంచయుద్ధంలో మాంసానికీ, వెన్నకీ, పంచదారకీ రేషన్ పెట్టిన ప్రభుత్వం దీని జోలికి మాత్రం పోలేదు.

తర్వాత మిల్లులు మూతపడ్డాయి, బొగ్గుగనులు మూతపడ్డాయి. ఒంటి కష్టం పోయింది, ఆ కష్టానికి సరిపోయిన తిండి మాత్రం ఉండిపోయింది. 2005లో జేమీ ఆలివర్ బడిపిల్లల భోజనం మీద టీవీలో పెద్ద గొడవే చేశాడు. ఇప్పుడు ఇంగ్లండు బళ్ళలో నూనెలో వేయించినవి వారానికి రెండుసార్లకి మించి పెట్టకూడదని రూలు. యుద్ధంలో కాపాడుకున్న తిండికి శాంతికాలంలో కోటా అన్నమాట!

మరి మనమో? నాగలి పట్టిన తాతకి సరిపోయిన అన్నం కొలతే, కీబోర్డు ముందు పది గంటలు కూర్చునే మనవడిక్కూడా. పైగా చాలామంది తాతలు తిన్నది దంపుడుబియ్యం, జొన్నలు, రాగులు. మనది పాలిష్ పట్టిన సోనామసూరి. "అన్నం తినకపోతే తిన్నట్టుండదు" అనే మనకీ, "చిప్స్ లేకపోతే భోజనమేంటి" అనే వాళ్ళకీ తేడా ఏంటండీ?

తేడా ఒకటుంది, అదీ మనకి అనుకూలమైంది కాదు. తెల్లవాళ్ళకి బీఎంఐ 25 దాటితే జాగ్రత్తపడమనే ఇక్కడి వైద్యులు, దక్షిణాసియా వాళ్ళకి 23 నుంచే చెప్తారు. షుగర్ మనల్ని అంత తొందరగా పట్టుకుంటుంది కాబట్టి. ముప్పై దాటకుండానే మాత్రలు మొదలెట్టిన కొలీగ్ మీ టీములోనూ ఉండే ఉంటాడు.

అన్నం మానెయ్యమని కాదు నేననేది. రెండు గరిటెలు తగ్గించి, ఆ మేరకి పప్పూ కూరా పెంచితే మన తెలుగుతనానికొచ్చిన లోటేం లేదు. ఇక్కడ చాలామందికి ఫిష్ అండ్ చిప్స్ శుక్రవారం ముచ్చట. మన అన్నానికి వారం లేదు, వర్జ్యం లేదు.