సముద్రగర్భమున సమాధులు

మా బ్రహ్మంగారిమఠమునుండి సముద్రము చూడవలెనన్న వెలికొండలు దాటి నెల్లూరు సీమలోనికి దిగవలయును. ఇట్టి మెట్టసీమవారికి మునిగిన ఓడలతో పని యేమి యని పాఠకులు అడుగవచ్చును. పని కలదు. ఏటేట వైశాఖ శుద్ధ దశమినాడు వేలకొలది జనులు ఇచ్చటికి వచ్చి వీరబ్రహ్మేంద్రస్వామివారి జీవసమాధికి మ్రొక్కి పోవుచున్నారు. దర్శింప వచ్చినవారిని ఎవ్వరును వారింపరు. సమాధిపై గునపము వేయుటకు మాత్రము ఎవ్వరికిని అధికారము లేదు. దర్శనము వేఱు, త్రవ్వుట వేఱు. ఈ భేదము నేలమీదనే కాక నీటిక్రిందను చెల్లవలెనని మా వాదము.

విశాఖపట్టణపు సముద్రములో రెండు యుద్ధములకు చెందిన రెండు జలాంతర్గాములు పడియున్నవి. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపానువారు విశాఖ, కాకినాడలపై బాంబులు వేసిరి. రెండేండ్లు తిరుగకముందే, 1944 ఫిబ్రవరి 11న, ఓడల బారుపై దెబ్బతీయవచ్చిన వారి ఆర్‌ఓ-110 జలాంతర్గామిని 'జమున' యను భారతనౌకయు, రెండు ఆస్ట్రేలియా నౌకలును కలిసి ముంచినవి. అందలి నావికులలో ఒక్కడును మిగులలేదు. 1971 డిసెంబరు 3వ తేదీ రాత్రి పాకిస్తానువారి 'ఘాజీ' 93 మందితో అదే సముద్రమున మునిగెను. మన నౌకయే ముంచెనని మనవారును, లోపలి ప్రేలుడే కారణమని వారును నేటికిని వాదించుచున్నారు. వాదము ఎట్లు తేలినను చనిపోయినవారు చనిపోయినవారే. 2024లో మన నౌకాదళము ఘాజీ శిథిలమును గుర్తించెననియు, మృతులయెడ గౌరవముచే దానిని ముట్టక విడిచెననియు పత్రికలు ప్రకటించినవి. ఇది వీరధర్మము. మేము నౌకాదళమును మనసార అభినందించుచున్నాము.

కాని అభినందనతో ఆగరాదు. ఋషికొండ తీరమున నేడు స్కూబా ఈత నేర్పువారు కలరు. వినోదయాత్రలవలన ధనము వచ్చుననుట అబద్ధము కాదు. మునిగిన ఓడలు యాత్రాస్థలములైనచో ఏమగునో పసిఫిక్ మహాసముద్రమున మైక్రోనేషియా దేశము మనకు చూపుచున్నది. అచ్చట పగడపుదిబ్బలు చుట్టిన విశాలమైన మడుగొకటి కలదు; నాడు దానిని ట్రక్ అనిరి, నేడు చూక్ అనుచున్నారు. విశాఖయొద్ద ఆర్‌ఓ-110 మునిగిన ఆఱు దినములకే అమెరికా విమానములు అచ్చటి జపాను స్థావరముపై బడి రెండు దినములలో నలువదికి పైగా ఓడలను ముంచినవి. 1969లో ఫ్రెంచిదేశీయుడగు జాక్ కూస్తో అచ్చట చిత్రములు తీసినది మొదలు దేశదేశముల ఈతగాండ్రు వీపున గాలి సిలిండరు కట్టుకొని ఆ ఓడలను చూడబోవుచున్నారు. ఆ ద్వీపవాసులకు అది జీవనాధారమైనది. కాని ఆ ఓడలలోనే మనుష్యుల యెముకలు నుండినవి. 1980 తరువాత జపానువారు కొన్నిటిని వెలికితీయించి సంస్కారము జరిపిరి. ప్రేలని గుండ్లు ఇంకను కలవు; తుప్పుపట్టిన తొట్లనుండి నూనె కారుచున్నది.

బ్రదికినవారికిని అపాయమే. పది మీటర్ల లోతునకు ఒక వాయుమండలపు ఒత్తిడి హెచ్చును; తొందరగా పైకివచ్చినచో నెత్తుట కరగిన నైట్రోజను బుడగలై ప్రాణము తీయును. చీకటి గదిలో దారితప్పినవానికి పైకి వచ్చు దారియే యుండదు.

ఇంతకన్న ఘోరము జావా సముద్రమున జరిగినది. 1942లో మునిగిన డచ్చి యుద్ధనౌకలను 2016లో వెదుకబోగా, ఇనుమునకై దొంగలు వానిని నిలువునా కోసికొనిపోయినట్లు తేలెను. నావికుల సమాధులు తుక్కు బేరములో కలిసినవి!

న్యాయవాదవృత్తిలో మేము నేర్చిన దొకటి కలదు. మర్యాద అధికారితో మాఱును. వ్రాసిన చట్టము నిలుచును. 2001 నాటి యునెస్కో ఒడంబడిక నీట నూఱేండ్లున్నవానినే వారసత్వ మనును. ఆ లెక్కకు ఆర్‌ఓ-110 వంతు 2044లోను, ఘాజీ వంతు 2071లోను వచ్చును. అందాక దొంగ ఆగునా? బ్రిటీషువారు నూఱేండ్లకు కాచుకొనక 1986లోనే యుద్ధమృతుల నౌకలకు ప్రత్యేక చట్టము చేసికొనిరి. వారినుండి విడివడిన మనము వారి మంచిని గ్రహించుటకు సిగ్గుపడ నక్కఱలేదు.

శత్రువుల గోరీలకు ఇంత గౌరవమేల యని కొందఱందురు. రావణునికి అంత్యక్రియలు జరిపింపుమని విభీషణునికి చెప్పినవాడు రాముడే. జలాంతర్గామి లోపలిభాగము చూడగోరువారికి విశాఖ తీరముననే 2002 నుండి 'కుర్సుర' ప్రదర్శనశాలగా నున్నది. మునిగిన ఓడలను సాహసికులు లోతు అనుమతించినచో వెలుపలనుండి చూతురుగాక. లోనికి చొరుటయు, ఒక్క మేకునైనను ఊడదీయుటయు నేరము కావలెను. ఇట్లు శాసింపుమని పార్లమెంటు సభ్యులను కోరుట తీరవాసుల పని మాత్రమే కాదు, మనయందఱి పని. సమాధికి మ్రొక్కుట తెలిసిన కడప సీమనుండియే మొదటి అర్జీ పోవుగాక.